చివరి సంవత్సరంలో సబ్జెక్టు తప్పినప్పుడు: దాచిపెట్టి నేను పోగొట్టుకున్న మూడు వారాలు

మీరు బీటెక్ చివరి సెమిస్టరులో ఉన్నారనీ, నాలుగు-ఒకటి (నాలుగో ఏడాది మొదటి సెమిస్టరు) ఫలితాల్లో ఒక సబ్జెక్టు పోయిందనీ, క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియడం లేదనీ, ఇంట్లో ఇంకా చెప్పలేదనీ రాశారు. 2014 ఫిబ్రవరిలో నేను సరిగ్గా ఇదే స్థితిలో ఉన్నాను. మెకానికల్ శాఖలో చదివేవాణ్ణి, పోయిన సబ్జెక్టు ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఉన్న వనరులను తక్కువ ఖర్చుతో ఎలా వాడాలో లెక్కగట్టే శాస్త్రం. చాలావరకు లెక్కలే ఉండే, మా తరగతిలో అందరూ శాతం పెంచుతుందని ఆశపడే సబ్జెక్టు అది, కాబట్టి నా సిగ్గు రెట్టింపయింది. తీరా చూస్తే దాన్ని మళ్లీ రాసి గట్టెక్కడం నాకు పెద్ద కష్టం కాలేదు. ఎవరికీ చెప్పకుండా దాచిన మూడు వారాల వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. అందుకే మీ ప్రశ్నలో చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన, ఇంట్లో చెప్పలేదన్న సంగతినే నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా చూస్తున్నాను.

ముందు మార్కుల విషయం చెబుతాను, ఎందుకంటే నేను ఎందుకు తప్పానో కూడా నాకు మొదట అర్థం కాలేదు. మాకు ఇంటర్నల్స్‌కు, అంటే కళాశాలలోనే పెట్టే పరీక్షలకు 25 మార్కులు, ఎక్స్‌టర్నల్‌కు, అంటే సెమిస్టరు చివర విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షకు 75 మార్కులు ఉండేవి. నాకు వరుసగా 21, 22 వచ్చాయి, అంటే మొత్తం 43. నూటికి నలభై వస్తే పాసన్నంత వరకే తెలిసినవాణ్ణి గనుక, 43 పక్కన క్రెడిట్ల గడిలో సున్నా చూసి అచ్చుతప్పు అనుకున్నాను. నిజానికి దాటవలసిన గీతలు రెండు ఉన్నాయి. మొత్తం 40 రావడంతో పాటు, ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం, అంటే మా నిబంధన ప్రకారం 26 మార్కులు రావాలి. నేను తప్పింది నాలుగు మార్కులతో. మీ నిబంధనల్లో అంకెలు వేరుగా ఉండవచ్చు గానీ, మీరు ఏ గీత దగ్గర ఆగిపోయారో చూసుకోండి. సప్లిమెంటరీ రాసేటప్పుడు మాకు పాత ఇంటర్నల్ మార్కులే కొనసాగేవి, కాబట్టి 21 ఉన్న నాకు 26 తెచ్చుకుంటే చాలు, అదే ఇంటర్నల్స్‌లో 10 మాత్రమే ఉన్న మా మిత్రుడికి 30 కావలసి వచ్చింది. ఈ లెక్క వేసుకున్న రోజు రాత్రి నాకు కొంత నిద్ర పట్టింది.

అయితే ఆ లెక్క వేసుకునేసరికే మూడు వారాలు గడిచిపోయాయి. మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసేవారు. నా ఉద్యోగం సంగతి ఆయన అప్పటికే డిపోలో అందరికీ చెప్పి ఉన్నారు, ఆ మాట గుర్తుకొచ్చినప్పుడల్లా ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసేవాణ్ణి. ఫలితాలు ఇంకా రాలేదని ఒకసారి, వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని మరొకసారి చెప్పాను. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు ఆయన ఏమీ అడగకుండా భోజనం చేసి లేచిపోతుంటే, ఇక ఆగలేక చెప్పేశాను. ఆయన కోప్పడతారనో, పోనీలే అంటారనో ఎదురుచూశాను గానీ ఆ రెండూ జరగలేదు. "డ్యూటీ దిగాక క్యాష్ తగ్గితే ఎస్సార్ తీసి, ఏ స్టేజీలో తేడా వచ్చిందో చూసుకుంటాంరా. నువ్వు నీ పేపరు చూసుకున్నావా?" అని మాత్రం అడిగారు. ఎస్సార్ అంటే కండక్టరు ఏ స్టేజీలో ఎన్ని టికెట్లు ఇచ్చాడో రాసుకునే కాగితం. నేను చూసుకోలేదు. చూసుకోవచ్చన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మర్నాడు కళాశాల పరీక్షల విభాగానికి వెళితే, రీకౌంటింగుకూ (మార్కులు తిరిగి కూడటం) రీవాల్యుయేషనుకూ (పేపరు తిరిగి దిద్దడం) గడువు అంతకు ముందువారమే ముగిసిందని చెప్పారు. దాచిపెట్టిన రోజుల వల్ల నేను పోగొట్టుకున్నది ఇదే. అక్కడి సీనియర్ అసిస్టెంటు ఒకాయన చెప్పగా సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో నా జవాబు పత్రం నకలు కోరుతూ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పంపాను. మూల్యాంకనం పూర్తయిన తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు పరీక్ష రాసినవారికి ఈ చట్టం కింద ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలికి (సీబీఎస్ఈ) సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పు పత్రం చూసుకునే హక్కునే ఇచ్చింది గానీ, తిరిగి దిద్దించుకునే హక్కును ఇవ్వలేదు. పైగా సమాధానం ఇవ్వడానికి చట్టంలో 30 రోజుల గడువుంది. అందువల్ల నకలు ఇచ్చే పద్ధతి మీ విశ్వవిద్యాలయంలోనే ఉంటే, ఫీజు ఎక్కువైనా సరే, ముందు దాన్ని వాడుకోవడమే తెలివైన పని.

నకలు ఏప్రిల్ మొదట్లో వచ్చింది. దిద్దినవారు అన్యాయం చేసి ఉంటారని నాలో ఏ మూలో ఉన్న ఆశ రెండు పేజీలు తిప్పేసరికి పోయింది. ఎనిమిది ప్రశ్నల్లో ఐదింటికి రాయాలి, ఒక్కొక్కటి 15 మార్కులు. గోదాముల నుంచి సరుకును తక్కువ ఖర్చుతో ఎలా పంపాలో తేల్చే రవాణా సమస్యలో ఒక గోదాము సరఫరా 35 అయితే, నేను దాన్ని 53గా ఎక్కించుకున్నాను. దాంతో సరఫరా గిరాకీ కంటే 18 ఎక్కువైంది. అనుమానం రావలసిన చోట, ఇది సరఫరా, గిరాకీ సమానం కాని అసమతుల్య సమస్య కాబోలు అనుకుని, నిబ్బరంగా ఆ మిగులుకు 18తో ఒక డమ్మీ (ఊహా) నిలువు వరుస చేర్చి నాలుగు పేజీలు లెక్క చేశాను. ఆ ఒక్క లెక్కకే గంట పైన పట్టిందని నాకు బాగా గుర్తుంది. చివరి రెండు ప్రశ్నలు అందుకే సగంలో ఆగిపోయాయి. అంటే నాకు తెలియనిది ఆపరేషన్స్ రీసెర్చ్ కాదు, 180 నిమిషాలను ఐదు ప్రశ్నలకు పంచుకోవడం. ఈ తేడా తెలియకపోయి ఉంటే మళ్లీ మొదటి యూనిట్ నుంచి పుస్తకం అంతా బట్టీ పట్టి, అదే గడియారం ముందు అదే తప్పు చేసేవాణ్ణి.

ఆ తర్వాత చదివిన పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పొద్దున ప్రాజెక్టు పనికి వెళ్లేముందు పాత ప్రశ్నపత్రం నుంచి ఒకే ఒక లెక్క, 36 నిమిషాలు పెట్టుకుని, తెల్లకాగితం మీద పూర్తిగా రాసేవాణ్ణి. ప్రశ్నలోని అంకెలు ఎక్కించుకోగానే ఒకసారి వేలు పెట్టి సరిచూసుకోవడం, సమయం దాటితే లెక్క ఎక్కడున్నా వదిలేయడం అన్న రెండు నియమాలు మాత్రం పెట్టుకున్నాను. రెండోది పాటించడం చాలా బాధగా ఉండేది. చివరి సెమిస్టరు పరీక్షలు అయ్యాక సప్లిమెంటరీ రాశాను. రాష్ట్రం రెండుగా విడిపోయిన రోజులవి, అందరి నోటా అదే చర్చ, నాకు మాత్రం ఆ సబ్జెక్టులోని క్యూయింగ్ (వరుసల్లో వేచి ఉండటం) సూత్రాలు తప్ప ఏమీ వినబడేవి కావు. ఎక్స్‌టర్నల్‌లో 41 వచ్చాయి.

ఉద్యోగం విషయంలో అందరికీ వర్తించే మాట నేను చెప్పలేను, మీ ఆఫర్ లెటరు తీసి షరతులు చదవండి. నా దాంట్లో, చేరే నాటికి బ్యాక్‌లాగులు, అంటే పాసవ్వని సబ్జెక్టులు ఏవీ ఉండకూడదని ఉంది. నాన్నగారితో మాట్లాడిన వారంలోనే, సప్లిమెంటరీ ఎప్పుడు జరుగుతుందో, ఫలితం సుమారుగా ఎప్పుడు వస్తుందో తెలుపుతూ సంస్థకు మెయిల్ పంపాను. జవాబు పది రోజులకు వచ్చింది, అందులో నన్ను తర్వాతి బ్యాచిలోకి మార్చారు. మా తరగతిలోనే మరొకతను చెప్పకుండా వెళ్లి, ధ్రువపత్రాల పరిశీలన రోజున బయటపడి వెనక్కి వచ్చాడు. సబ్జెక్టు తప్పడం ఇద్దరికీ జరిగిందే, అయినా చెప్పకపోవడం వల్ల అతని ఉద్యోగం పోయింది. మీ సంస్థ కూడా మా సంస్థలాగే ఒప్పుకుంటుందని హామీ ఇవ్వలేను గానీ, ముందుగా చెప్పినవారికి చేరే తేదీ మార్చే వీలు సంస్థకైనా ఉంటుంది.

రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని కూడా రాశారు. ఇంట్లో చెప్పడానికి ముందే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి-మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మా రోజుల్లో అది లేదు.

ఫలితాలు వచ్చి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. రేపు ఉదయమే పరీక్షల విభాగానికి వెళ్లి, జవాబు పత్రం నకలుకూ రీవాల్యుయేషనుకూ చివరి తేదీలు అడిగి రాసుకోండి. నాలుగు-రెండు రెగ్యులర్ పరీక్షల ఫీజూ, నాలుగు-ఒకటి సప్లిమెంటరీ ఫీజూ వేర్వేరు నోటిఫికేషన్లుగా రావచ్చు. ఒకటి కట్టి రెండూ కట్టామనుకునేవారిని నేను చూశాను కాబట్టి, రెండు రసీదులూ దగ్గర పెట్టుకుని, హాల్ టికెట్టులో ఆ సబ్జెక్టు పేరు ఉందో లేదో చూసుకోండి. ఇంటికి ఫోన్ మాత్రం ఈ రాత్రికే చేయండి.