ముసురు తెరిపిచ్చాక ఇల్లు చూసుకోవడం గురించి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హాలు పైకప్పుకు చెమ్మ మరక కనిపించగానే రంగుల మేస్త్రీని పిలిచావని మీ అమ్మ చెప్పింది. అతన్ని సంక్రాంతి దాటేదాకా ఆగమను. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరులోనూ పడతాయి. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. స్లాబు ఆరకముందే వేసిన రంగైనా, వాటర్‌ప్రూఫింగ్ పూతైనా లోపలి చెమ్మకు పొక్కులు లేచి ఊడిపోతుంది.

ముందు కరెంటు సంగతి చూడు. ఫ్యాను కొక్కెం దగ్గర గానీ, స్విచ్‌బోర్డు వెనక గానీ తడి కనిపిస్తే ఆ స్విచ్చులు ముట్టుకోకుండా, పొడి నేల మీద నిలబడి మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు.

మరక ఉన్నచోటే పైన కారుతోందని అనుకోవద్దు. స్లాబులోకి దిగిన నీరు పగుళ్ళ వెంట, కరెంటు తీగలు వేసిన గొట్టాల వెంట పాకి, దారి దొరికిన చోట బయటపడుతుంది. మరక అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వెయ్యి. వాన లేని నాలుగైదు రోజుల్లో మరక గీత లోపలికి తగ్గుతూ వస్తే అది చాలావరకు వాన నీరే. తగ్గకపోగా పెరిగితే గొట్టాలనో, బాత్రూమునో అనుమానించాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం గుర్తుపెట్టుకుని, తెల్లవారాక ఎవరూ నీళ్ళు వాడకముందే మళ్ళీ చూడు. మట్టం దిగితే ఎక్కడో కారుతున్నట్టే. దిగలేదని బాత్రూమును నమ్మేయకు. టైల్స్ సందుల్లోంచి, మురుగు గొట్టం అతుకులోంచి దిగే నీరు స్నానాలు చేసినప్పుడే కారుతుంది.

డాబా మీద తీరిగ్గా తిరుగు. వాన నీటి గొట్టాల మూతుల్లో వేపాకూ, పాలిథిన్ ముక్కలూ అడ్డుపడ్డాయేమో తీసి చూసి, నీళ్ళు నిలిచిన చోట్ల చుట్టూ సుద్దతో గీయి. ఎండాక వాలు ఎక్కడ తప్పిందో మేస్త్రీకి ఆ గీతలే చూపిస్తాయి. నా అనుభవంలో ఎక్కువ ఇళ్ళలో నీరు దిగేది డాబా నడిమధ్యన కాదు, పిట్టగోడ స్లాబుతో కలిసే మూలన. ఆ మూల పొడవునా, ట్యాంకు దిమ్మెల చుట్టూ, డిష్ యాంటెన్నా బోల్టుల దగ్గర వంగి చూడాలి. పగుళ్ళలో రావి మొక్క మొలిస్తే పైకి తుంచి వదిలేయవద్దు, వేరుతో సహా తీయించు.

డాబా మీద నీళ్ళు నిలబెట్టి పరీక్షిద్దామని మేస్త్రీ అంటే మాత్రం తొందరపడి ఒప్పుకోకు. రెండు అంగుళాల నీరు చదరపు మీటరుకు దాదాపు 50 కిలోల బరువు. కింద నుంచి కర్రతో తట్టినప్పుడు స్లాబు బోలుగా మోగినా, తుప్పు మరకలు, పెచ్చులూడి కమ్మీలు కనిపించినా ఆ పరీక్ష వద్దు. కింద మంచం జరిపించి, ఇంజనీరుకు చూపించు.

గోడల్లో ఈశాన్యపు వాన జల్లు కొట్టే తూర్పు, ఉత్తరం కిటికీలను ముందు చూడు, సజ్జ గోడను కలిసేచోటు మరీ ముఖ్యంగా. గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకే ఉన్న చెమ్మ నేల నుంచి ఎక్కేది కావచ్చు. డాబా బాగుచేసినా అది పోదు, దాని ఖర్చు వేరుగా లెక్కవేసుకో.

పెన్సిలు గీతల ఫొటోలు, డాబా మూలల ఫొటోలు తేదీలతో పంపు. అవి చూశాక మేస్త్రీతో నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ మామయ్య