డెబ్బై రెండు పరీక్షల్లో మనకి కావలసినవెన్ని?

ఆరోగ్యం కోసం పెట్టే ఖర్చు గురించి ఈసారి ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగు పాఠకులు ఎక్కువగా రాశారు. వాటిలో నాలుగు ఉత్తరాలకి ఇక్కడ జవాబులు.

మా వీధికి ల్యాబు వ్యాను వస్తోంది. 72 పరీక్షలు, మనిషికి 1,999 రూపాయలట. నాకు 44, మావారికి 49, అత్తగారికి 68, బాబుకి 17. నలుగురికీ చేయించమంటారా?
– గృహిణి, పర్లాకిమిడి

వద్దండి. ముందు ఆ 72ని విప్పి చూడండి. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ అనే ఒక్క పరీక్షలోనే ఇరవై దాకా అంకెలు వస్తాయి. ప్రతి అంకెనీ ఒక పరీక్షగా లెక్క కట్టేస్తారు. కొలెస్ట్రాల్ అంకెలు రెంటిని భాగిస్తే వచ్చే నిష్పత్తి కూడా వాళ్ల లెక్కలో ఇంకో పరీక్షే! చిక్కు ఇంకోటుంది. రిపోర్టులో వేసే 'నార్మల్' హద్దులు ఆరోగ్యంగా ఉన్నవారిలో 95 శాతం మంది ఇమిడేలా గీసినవి. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికైనా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం 64 శాతం. దాన్ని చూసి కంగారుపడి బరంపురం బస్సెక్కితే, అయ్యే ఖర్చు 1,999తో ఆగదు. ప్యాకేజీలో కలిపే సీఈఏ, సీఏ-125 లాంటి రక్తపరీక్షలు క్యాన్సర్ ఉందని తేలినవారికి వైద్యం ఎలా సాగుతోందో చూసుకోడానికి. ఏ బాధా లేనివారిలో జబ్బు వెతకడానికి అవి పనికిరావు.

మీ ముగ్గురికీ బీపీ, పరగడుపు షుగరు చూడాలి. 30 దాటినవారికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో, ఇవి ఉచితం. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం తనిఖీ కూడా ఆ జాబితాలో ఉంది, కాకపోతే నోరు తెరిచి అడగాలి. డబ్బు పెట్టాల్సింది మీకు హిమోగ్లోబిన్‌కి, మీ దంపతులకి కొలెస్ట్రాల్‌కి, అత్తగారికి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్షలకి. ఆవిడ మోకాళ్ల నొప్పికి మందుల షాపు బిళ్లలు వాడుతుంటే ఈ చివరి రెండూ తప్పనిసరి. ఆ బిళ్లల్లో చాలా రకాలు మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి.

బాబుకి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించండి, జీవితంలో ఒక్కసారి చాలు. ఒడిశాలో ఈ జన్యువు ఎక్కువ, గిరిజన కుటుంబాలకే పరిమితం కాదు. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపువారికి ప్రభుత్వమే ఈ పరీక్ష చేస్తోంది. ముందు చేసే సాల్యుబిలిటీ టెస్టు పాజిటివ్ వస్తే అక్కడితో వదిలేయకండి. జన్యువు ఉందని చెబుతుందే గాని, జబ్బున్నట్టా, జబ్బు లేకుండా జన్యువు మాత్రం మోసే ఒట్టి వాహకుడా అన్నది అది చెప్పలేదు. హెచ్‌పిఎల్‌సి అనే ఇంకో రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది. వాహకులిద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా ఇక్కడే తప్పుదోవ పట్టిస్తుంది. సికిల్ సెల్ జబ్బున్నవారి ఎర్రకణాలు తొందరగా చనిపోతాయి, వాటికి చక్కెర పట్టే వ్యవధి ఉండదు. అందుకని షుగరున్నా అంకె తక్కువ వస్తుంది. ఇనుము లోపం ఉన్నవారిలో దీనికి తలకిందులు, ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. కనుక మొదట పరగడుపు షుగరే చూసుకోండి. 100 లోపుంటే మంచిది, 100 నుంచి 125 అంచు మీదున్నట్టు, 126 ఆపైన రెండుసార్లు వస్తే షుగరు వ్యాధే.

రక్తం తీసేటప్పుడు ట్యూబు మూత రంగు చూడండి. షుగరుకి బూడిదరంగు మూత ఉండాలి. అందులోని ఫ్లోరైడ్ రక్తకణాలు చక్కెరని తినెయ్యకుండా ఆపుతుంది. మామూలు ట్యూబులో పోసి ఎండలో వ్యానులో తిప్పితే గంటకి 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. పొద్దున్న ఏడింటికి తీసి పదకొండింటికి ల్యాబుకి చేర్చారనుకోండి, 130 ఉన్నవారు 100 దగ్గర తేలి నిశ్చింతగా జిలేబీ తింటారు.

మిగిలిన డబ్బుతో మోచేతి పైన పట్టీ కట్టే బీపీ మిషను కొనండి, మణికట్టుది వద్దు. టీ, చుట్ట, బీడీ మానేసి అరగంట అయ్యాక, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. వారం పాటు ఇంట్లో చూసిన అంకెల సగటు 135/85 దాటితే డాక్టరు దగ్గరకి వెళ్లాల్సిందే.

జిమ్‌కి వెళుతున్నాను, బరువు 60 కిలోలు. కిలో ప్రోటీన్ పౌడరు 3,000 పెట్టి కొనమంటున్నారు. ఇంట్లో చోడి (రాగి) అంబలి చాలదా అంటున్నారు.
– విద్యార్థి, గుణుపూర్

రెండు మాటల్లోనూ సగమే నిజం. చోళ్లలో కాల్షియం దండిగా ఉంది, 100 గ్రాములకి సుమారు 340 మిల్లీగ్రాములు. ప్రోటీను మాత్రం ఏడు గ్రాములే. అంబలితో ఎముకకి బలం, కండకి కాదు.

జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాము, అంటే మీకు 50. బరువులెత్తుతున్నారు కనుక 70 అనుకుందాం. వండకముందు తూచి చూడండి: బియ్యం 300 గ్రాములకి 22, కందిపప్పు 60కి 13, ఉలవలు 40కి 9, వేరుశనగ గుళ్లు 30కి 7, పావులీటరు పాలకి 8, రెండు గుడ్లకి 12. మొత్తం 71. ఉలవలు రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించి, గింజతో సహా తినాలి. చారు మనం తాగి గుగ్గిళ్లు ఎడ్లకి పెట్టేస్తే ప్రోటీను లెక్కన లాభం ఎడ్లది.

ధర కూడా కట్టి చూడండి. 33 గ్రాముల చెంచాకి 24 గ్రాముల ప్రోటీను వస్తే కిలో డబ్బా 30 చెంచాలు, చెంచా 100 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే అదే 24 గ్రాములు నాలుగు గుడ్లలో 28 రూపాయలకి వస్తాయి. కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దని ఆ సంస్థే 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఇంక మాల్టు డబ్బాల సంగతంటారా, వెనకవైపు పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలని నియమం. మొదటి రెండు పేర్లలో చక్కెర ఉంటే షాపులోనే వదిలెయ్యండి.

మా అమ్మకి 62. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. క్యాన్సర్‌కి ఏ రక్తపరీక్ష చేయించాలి?
– పాఠకురాలు, కాశీనగర్

నోటి క్యాన్సర్‌ని ముందే పట్టిచ్చే రక్తపరీక్ష లేదమ్మా. కావలసింది టార్చిలైటు. ఇలా అడ్డపొగ తాగేవారికి వేడీ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి, అందుకని జబ్బు కూడా అక్కడే ఎక్కువ. నెలకోసారి అమ్మగారిని వెలుగులో కూర్చోబెట్టి, కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వంచి అంగిలి చూడండి. తర్వాత బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద. గోకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలకీ మానని పుండు, ఏది కనిపించినా దంతవైద్యుల దగ్గరకి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అని ఆగవద్దు, మొదట్లో నొప్పి ఉండదు. చుట్ట మానేవరకూ ఈ పరీక్ష మానకండి, మానేశాక కూడా కొన్నేళ్లు చూస్తూ ఉండాలి.

విటమిన్ డి పొడి ప్యాకెట్టు వారానికొకటి రాశారు. రోజూ వేసుకుంటే లోపం తొందరగా తగ్గుతుందా?
– పాఠకుడు, బరంపురం

తగ్గదు, ముప్పు తెచ్చుకుంటారు. అందులో 60,000 యూనిట్లుంటాయి. నీళ్లలో కరిగే విటమిన్లలాగా ఎక్కువైనది మూత్రంలో పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది. వారాల తరబడి రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మూత్రపిండాలకి దెబ్బ. భోజనం చేశాక, పాలల్లో కలుపుకుని, వారంలో ఒకే రోజు, డాక్టరు రాసినన్ని వారాలే. మరిచిపోకుండా క్యాలెండరులో ఆ రోజు మీద గీత పెట్టుకోండి. ఇప్పటికే రోజూ వేసుకుంటూ ఉంటే ఈ రోజే ఆపి, రక్తంలో కాల్షియం చూపించుకోండి.