ఎనిమిది నెలల్లో నాలుగోసారి యూరిన్ ఇన్ఫెక్షన్: ఈసారి మొదటి మాత్ర వేసుకునే ముందు కల్చర్‌కి ఇవ్వండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పెళ్లయి ఎనిమిది నెలలు, విశాఖ గాజువాకలో కాపురం, అప్పుడే నాలుగోసారి మూత్రంలో మంట. మెడికల్ షాపు మాత్రలతో మూడు రోజుల్లో తగ్గుతుంది, నెలన్నర తిరక్కుండానే మళ్లీ మొదలవుతుంది. అమ్మేమో వేడి చేసిందంటుంది, అత్తగారేమో శుభ్రత లేదన్నట్టు చూస్తారు. నాలో ఏదైనా లోపం ఉందా, రేపు పిల్లలు పుట్టడానికి ఇబ్బందా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. జగదాంబ దగ్గర ఒక బట్టల షాపులో ఆరేళ్లు బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డదాన్ని. పెళ్లయిన కొత్తలో నాకు ఒక్క ఏడాదిలో ఐదుసార్లు వచ్చింది. అందుకే ఇంత పొడుగు జవాబు.

మీ చివరి ప్రశ్నకే ముందు చెప్తాను. మూత్రసంచికి వచ్చే ఈ ఇన్ఫెక్షన్ వల్ల పిల్లలు పుట్టకుండా పోరు. ఇది మీ ఆయన నుంచి అంటుకున్న సుఖవ్యాధి కూడా కాదు, ఆయనకు మందులు అక్కర్లేదు. ఇక శుభ్రత సంగతి. చాలాసార్లు దీనికి కారణం ఈ.కోలై అనే బ్యాక్టీరియా. అది అందరి పేగుల్లోనూ ఉంటుంది, పూటకోసారి స్నానం చేసేవాళ్ల పేగుల్లో కూడా. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, దాని ద్వారం మలద్వారానికి దగ్గరగా ఉంటుంది. భార్యాభర్తల కలయికప్పుడు ఆ బ్యాక్టీరియా మూత్రసంచిలోకి ఎక్కడం తేలిక. పెళ్లయిన కొత్తలో ఎక్కువ మందికి ఇది మొదలయ్యేది అందుకే. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఏడాది పాటు నేనే ఏదో తప్పు చేస్తున్నాననుకుని, బకెట్‌లో యాంటీసెప్టిక్ లోషన్ వేసుకుని మరీ కడుక్కునేదాన్ని. అది ఇంకా చెడ్డదట. లోపల కాపలా ఉండే మంచి బ్యాక్టీరియాను కూడా అది చంపేస్తుంది. మామూలు నీళ్లు చాలు, ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి.

మీ అమ్మగారి "వేడి చేసింది" మాటలో మాత్రం సగం నిజం ఉంది. మన ఊరి ఉక్కలో తాగిన నీళ్లన్నీ చెమటగానే పోతాయి, మూత్రం చిక్కబడి రోజుకు రెండు మూడుసార్లకు మించి రాదు. లోపల చేరిన బ్యాక్టీరియా పెరగడానికి కావలసినంత టైం దొరుకుతుంది. సబ్జా నీళ్లు, బార్లీ, చోడంబలి, మజ్జిగ ఏదైనా తాగండి, అన్నీ నీళ్ల లెక్కలోకే వస్తాయి. కానీ ఒకసారి ఇన్ఫెక్షన్ పట్టాక వాటిని నమ్ముకుని వారం రోజులు కూర్చోవద్దు.

నేను చేసిన అసలు తప్పు మెడికల్ షాపు. మొదటి మూడుసార్లూ కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి "మంటకి ఏమైనా ఇవ్వండి" అనేదాన్ని. అతను సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ కత్తిరించి ఆరు మాత్రలు, ఒక సిరప్ సీసా కవర్లో పెట్టి ఇచ్చేవాడు. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉందంటే డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందు అని అర్థం. నేను ఆ గీత వైపు చూసిందే లేదు. మూడోసారి మంట తగ్గనేలేదు. నాలుగోసారి అర్ధరాత్రి వణుకుతో జ్వరం, కుడి డొక్క వెనకాల నొప్పి, వాంతులు. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కిందన్నారు. మూడు రోజులు ఇంజెక్షన్లు.

ఆ తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "కల్చర్ ఎప్పుడైనా చేయించావా?" మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, అది ఏదో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష అది. ఆర్నెల్లలో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్‌గా లెక్కేస్తారట. అలాంటప్పుడు ప్రతిసారీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి ఇవ్వాలి. ఒక్క మాత్ర మింగి వెళ్లినా ఫలితం తప్పుగా రావచ్చు.

ఐదోసారి మంట మొదలవగానే కల్చర్‌కి ఇచ్చాను, అదీ జామ్ సీసా కడిగి అందులో పట్టి! రిపోర్టులో రకరకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయి, శాంపిల్ పనికిరాదు, మళ్లీ ఇవ్వండి అని వచ్చింది. రెండు రోజులు మంటతో వేచి ఉన్నది వృథా. అందుకే ఇది వివరంగా చెప్తున్నాను. ల్యాబ్ వాళ్లిచ్చే సీలు వేసిన స్టెరైల్ డబ్బానే వాడాలి. చేతులు సబ్బుతో, కింద మామూలు నీళ్లతో కడుక్కోవాలి. ఒక చేత్తో చర్మాన్ని పక్కకు తీసి పట్టుకుని, మొదట వచ్చే మూత్రం కాస్త వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టాలి. డబ్బా ఒంటికి తగలకూడదు, మూత లోపలి వైపు వేలు పెట్టకూడదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, కుదరకపోతే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండోసారి మా ఆయనే పొద్దున్న ఏడింటికి ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి బండి మీద పట్టుకెళ్లాడు. టిఫిన్ పార్సిల్ కన్నా జాగ్రత్తగా తీసుకెళ్లానని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఈ.కోలై. దాని కింద మందుల వరుస, ఒక్కోదాని పక్కన ఎస్ అనో ఆర్ అనో అక్షరం. ఎస్ అంటే ఆ మందు పనిచేస్తుంది, ఆర్ అంటే ఆ బ్యాక్టీరియా దానికి లొంగదు. సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన ఆర్. నార్‌ఫ్లాక్సాసిన్ పక్కన కూడా ఆర్. అంటే నేను మూడుసార్లు డబ్బులిచ్చి కొనుక్కున్న మందునే అది లెక్కచేయడం లేదు. నైట్రోఫ్యూరంటాయిన్, ఫాస్ఫోమైసిన్ పక్కన ఎస్. డాక్టరమ్మ నైట్రోఫ్యూరంటాయిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండు చొప్పున ఐదు రోజులకు రాసింది, అన్నం తిన్నాకే వేసుకోమంది. మూత్రం ముదురు రంగులో వస్తే కంగారు పడొద్దని కూడా చెప్పింది. ఇది నాకు రాసిన మందు, మీరు దీన్నే కొనేసుకోవద్దు. గర్భం, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు డాక్టర్ లెక్కలు వేరేగా ఉంటాయి. సిరప్ మాత్రం మానేయమంది. అది మంటను చల్లారుస్తుందే తప్ప బ్యాక్టీరియాను చంపదు, పైగా దానివల్ల మూత్రంలో పులుపు తగ్గిపోతే ఈ మాత్ర సరిగా పనిచేయదట.

ఆవిడ అడిగిన రెండో ప్రశ్నకు నేను నేలచూపులు చూశాను. "పిల్లలు వద్దనుకోవడానికి ఏం వాడుతున్నారు?" కలయికకు ముందు లోపల పెట్టుకునే మాత్రలు వాడేవాళ్లం, ఎవరికీ చెప్పకుండా కొనుక్కోవచ్చని. వీర్యకణాలను చంపే ఆ మందు లోపలి మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీసి ఈ.కోలైకి దారి ఇస్తుంది. అదే మందు పూసిన కండోమ్‌లతోనూ అదే ఇబ్బంది. పద్ధతి మార్చుకున్నాం. మీరు వాడుతున్నదేమిటో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, సిగ్గు పడితే అసలు కారణం దాగిపోతుంది. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లి రావడం గురించి గట్టి రుజువులైతే లేవు, కానీ ఖర్చు లేని పని కదా, నేను చేస్తాను.

ఇక షాపు. మూడు అంతస్తులకు ఆడవాళ్ల బాత్రూం ఒక్కటే, తాళం ఫ్లోర్ ఇన్‌ఛార్జి జేబులో. దసరా, సంక్రాంతి సీజన్లో క్యూ వదిలి తాళం అడిగితే అందరి ముందూ "మళ్లీనా?" అనేవాడు. అందుకని మేం ఏడుగురం పొద్దున్న నుంచి నీళ్లే తాగేవాళ్లం కాదు. ఏడుగురిలో నలుగురికి ఈ జబ్బు ఉందని తర్వాత మాటల్లో బయటపడింది. డాక్టర్ దగ్గర ఒక కాగితం రాయించుకుని ఇన్‌ఛార్జికి కాదు, ఓనర్ భార్యకి చూపించాను. తాళం మేకుకి వేలాడింది. లీటరు సీసా కౌంటర్ కింద పెట్టుకుని మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి ఖాళీ చేసేదాన్ని. నీళ్ల సంగతి ఉత్తమాట కాదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, నీళ్లు తక్కువ తాగే అలవాటుండి పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లను తీసుకుని, సగం మందిని రోజూ మరో లీటరున్నర తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు వస్తే, ఎప్పటిలాగే తక్కువ తాగినవాళ్లకు 3.2 సార్లు వచ్చింది.

క్రాన్‌బెర్రీ గురించి కూడా అడుగుతారేమో. మళ్లీ మళ్లీ వచ్చే ఆడవాళ్లకు అది కొంత అడ్డుకుంటుందని పరిశోధనలు ఉన్నాయి, వచ్చిన ఇన్ఫెక్షన్‌ని మాత్రం తగ్గించదు. నేను ఆ మాట చెప్పగానే మా అమ్మ రైతుబజారు నుంచి వాక్కాయలు తెచ్చి, ఎర్రగా పుల్లగా ఉన్నాయి, ఇవే కదా అంది. కావు. పప్పు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఇవన్నీ చేస్తూనే, డాక్టరమ్మ చెప్పినట్టు ఆరు నెలలు కలయిక తర్వాత ఒక్క చిన్న డోసు యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్నాను. అందరికీ ఇది అవసరం పడదు. ఆపేశాక రెండేళ్లలో ఒక్కసారే వచ్చింది. నీళ్ల వల్లా, మాత్ర వల్లా, పద్ధతి మార్చడం వల్లా అంటే నేను తేల్చి చెప్పలేను. షుగర్ పరీక్ష, రాళ్లున్నాయేమోనని స్కానింగ్ కూడా చేయించారు, రెండూ మామూలుగానే ఉన్నాయి.

ఇంకో తప్పు కూడా చేశాను. ఏ బాధా లేనప్పుడు ఊరికే చూద్దామని కల్చర్ చేయించుకుని, బ్యాక్టీరియా ఉందని వస్తే హడలిపోయాను. మంట లేకుండా బ్యాక్టీరియా కనిపిస్తే మామూలుగా మందు అక్కర్లేదు. గర్భం వచ్చినప్పుడు మాత్రం వేరు, అప్పుడు బాధ లేకపోయినా పరీక్ష చేయించి మందు వాడాలి. అలాగే దురద, తెల్లబట్ట ఎక్కువగా ఉంటే అది మూత్రం జబ్బు కాకపోవచ్చు, లేడీ డాక్టర్‌కి చూపించాలి. కల్చర్‌లో ఏమీ పెరగకుండా చీము కణాలు మాత్రం ప్రతిసారీ కనిపిస్తుంటే టీబీ పరీక్ష గురించి అడగండి.

జ్వరం, వణుకు, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటే లేదా నెల తప్పి ఉంటే కల్చర్ రిపోర్టు కోసం కూడా ఆగొద్దు. శాంపిల్ ఇచ్చేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, రాత్రయితే ఎమర్జెన్సీకే.

లేదంటే మామూలు మంటకి, ల్యాబ్‌లో రెండు స్టెరైల్ డబ్బాలు అడిగి తెచ్చుకుని ఇంట్లో ఉంచుకోండి. నా బీరువాలో ఇప్పటికీ రెండు ఉన్నాయి. ప్రైవేటు ల్యాబ్ భారమనుకుంటే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఓపీకి పొద్దున్నే వెళ్లండి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి, ఏ మాత్ర ఎన్ని రోజులు వేసుకున్నారో పైన ఒక కాగితం మీద రాసి. వెళ్లేముందు ఆ రోజు కల్చర్ శాంపిల్ తీసుకుంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, కొన్ని ల్యాబుల్లో ఆదివారం తీసుకోరు.