గుర్రం ఒక్కటే బంటును ఆపగలదా?

ప్రశ్న: మా బాబు చెస్ నేర్చుకుంటున్నడు. గుర్రం మిగిలిన ఎండ్‌గేమ్‌లో (ఆట చివరి దశల) అంచు వరుస పాస్డ్ పాన్ (ఎదుటివాళ్ల బంట్లేవీ ఆపలేని బంటు) వస్తే ఓడిపోతున్నడు. ఎట్ల సాధన చేయించాలె?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: గుర్రానికి అంచు బంటే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే దూకడానికి ఒకే పక్క ఉంటుందమ్మా. బంటు ఏడో గడికి వచ్చేసి, దాని రాజు తోడుంటే, ముందున్న ఒంటి గుర్రం ఆపలేదు. ఆరో గడిలోనైతే ఆపగలదు. బాబుకు ముందు ఈ తేడా తెలియాలి.

బోర్డు మీద ఇలా పెట్టండి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస): తెల్లరాజు జి7, తెల్లబంటు హెచ్6, నల్లగుర్రం హెచ్7, నల్లరాజు దూరంగా ఎ2. ఎత్తు నల్లది. గుర్రం జి5కి వెళ్తుంది. రాజు జి6కి వచ్చి తరిమితే ఇ6కి దూకాలి. బంటును వదిలేసినట్టు కనిపించే ఈ ఎత్తే ప్రాణం! బంటు హెచ్7కి నడిస్తే ఎఫ్8 నుంచి చెక్, ఆ వెంటనే బంటు పోతుంది. రాజు ఎఫ్6కి వస్తే గుర్రం ఎఫ్8కి, అక్కణ్నుంచి రాజు ఎఫ్7కి వస్తే గుర్రం మళ్లీ హెచ్7కి. హెచ్7, జి5, ఇ6, ఎఫ్8: ఈ నాలుగు గడుల చుట్టే ఆట డ్రా.

పిల్లలు తప్పేది జి5 దగ్గరే. ఎఫ్7కి దూకి బంటును బెదిరిస్తారు, రాజు గుర్రాన్నే తినేస్తుంది. ఇ4కి పారిపోతే బంటు మంత్రి అవుతుంది.

మీరు తెల్లరాజుతో రోజూ వేర్వేరు దారుల్లో తరమండి. తర్వాత రంగులు మార్చి, అదే స్థితిని ఎ వరుసలో పెట్టండి. గడుల పేర్లు బట్టీ పట్టించొద్దు, చెక్ ఎక్కడి నుంచి వస్తుందో వెతకనివ్వండి.