ఒక్క ఫైలు, నలుగురి చేతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం, నలుగురు కలిసి ఒకే ఫైలు మీద పనిచేసేటప్పుడు వచ్చే చిక్కుల గురించే. మేం చెప్పిన మెనూలు కంప్యూటర్‌లో కనిపించేవి. ఫోన్ యాప్‌లో కొన్ని ఉండవు.

ప్రశ్న: గుంటూరు యార్డులో మాది మిర్చి కమిషన్ వ్యాపారం. స్టాకు లెక్క గూగుల్ షీట్‌లో పెట్టాం. యార్డు నుంచి గుమాస్తా, కోల్డ్ స్టోరేజీ నుంచి ఇంకొకతను, హైదరాబాద్ నుంచి మా అబ్బాయి అందులో రాస్తారు. నెల తిరిగేసరికి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేడా వస్తోంది. ఎవరు మార్చారో తెలియడం లేదు. (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మీ షీట్‌లో లాటుకొక గడి పెట్టి, సరుకు వచ్చినా పోయినా పాత అంకె చెరిపి కొత్తది వేస్తున్నట్టుంది. తేడా పుట్టేది అక్కడే. 120 టిక్కీల లాటులోంచి గుమాస్తా 30 పంపించి 90 అని వేస్తాడు. సిగ్నల్ అందని కోల్డ్ స్టోరేజీలో ఉన్నతని ఫోన్‌లో ఇంకా 120 అనే ఉంటుంది. అతను 20 పంపించి 100 అని వేస్తాడు. నెట్ తగలగానే ఆ 100 వెళ్లి 90 స్థానంలో కూర్చోవచ్చు. అసలు మిగిలింది 70. ఇద్దరూ నిజమే రాశారు, లెక్క మాత్రం తప్పింది.

కాబట్టి నిల్వ గడిలో ఎవరూ చేత్తో అంకె వేయకూడదు. ప్రతి రాకకూ, ప్రతి పోకకూ ఒక కొత్త వరస రాయాలి: తేదీ, లాటు నంబరు, రకం, రాకా పోకా, టిక్కీలు, ఎక్కడ. గుమాస్తాకు ఒక ట్యాబు, కోల్డ్ స్టోరేజీ మనిషికి ఇంకొకటి, మీ అబ్బాయికి వేరొకటి ఇవ్వండి. ముగ్గురూ ఒకే ట్యాబులో రాస్తే, నెట్ లేనప్పుడు ఇద్దరూ ఒకే ఖాళీ వరసలో రాసే ప్రమాదం మళ్లీ ఉంటుంది. నిల్వ నాలుగో ట్యాబులో సమ్‌ఇఫ్స్ (SUMIFS, షరతుకు సరిపోయే అంకెలనే కూడేది) సూత్రంతో దానంతటదే తేలాలి: ఆ లాటు రాకల మొత్తంలోంచి పోకల మొత్తం తీసేయడమే. తర్వాత డేటా మెనూలో ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్‌కు వెళ్లి, ఎవరి ట్యాబు వారే మార్చేలా, నిల్వ ట్యాబును మీరొక్కరే మార్చేలా పెట్టండి. ఈ తాళం మార్పులను ఆపుతుందే గాని చూడటాన్ని ఆపదు. రైతుల బ్యాంకు వివరాల్లాంటివి ఆ ఫైలులో పెట్టకండి.

తేదీల సంగతి చాలామంది పట్టించుకోరు. ఫైల్, సెట్టింగ్స్‌లో లొకేల్ (ఏ దేశం పద్ధతి అన్నది) యునైటెడ్ స్టేట్స్ అని ఉంటే, 03/04 అని రాసినది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అవుతుంది. 25/04 అసలు తేదీగానే లెక్కకు రాదు, మామూలు అక్షరాల్లా గడిలో ఎడమవైపు అతుక్కుని ఉంటుంది. లొకేల్‌ను ఇండియాకు మార్చండి. అయితే అప్పటికే తప్పుగా చదివిన తేదీలు వాటంతటవి దిద్దుకోవు, పాత వరసలు కూర్చుని సరిచూడాల్సిందే. లాటు నంబరు సున్నాతో మొదలైతే ఆ నిలువు వరసను ప్లెయిన్ టెక్స్ట్ చేయండి, లేకపోతే 007 కాస్తా 7 అవుతుంది.

ఎవరు మార్చారన్నది తెలియాలంటే గడి మీద రైట్ క్లిక్ చేసి షో ఎడిట్ హిస్టరీ చూడండి. వరసలు తీసేయడం, చేర్చడం అందులో కనిపించవు. వాటికి ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీకే వెళ్లాలి. లింకు ఉన్నవాళ్లెవరైనా మార్చవచ్చు అని షేర్ చేసి ఉంటే ఇవేవీ అక్కరకు రావు, లాగిన్ కాకుండా వచ్చినవారి పేరు పడదు. ముగ్గురినీ వారి వారి జీమెయిల్‌తోనే చేర్చండి.

ప్రశ్న: పోటీ పరీక్షల పుస్తకాలు వేస్తాం. రచయితలు, ప్రూఫ్ రీడరు వేర్వేరు ఊళ్లలో ఉంటారు కాబట్టి గూగుల్ డాక్స్‌కు మారాం. డీటీపీలో ఉన్న పాత అను ఫాంట్ల ఫైళ్లను డాక్స్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. (గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: అను ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. ఆ ఫాంటు తీసేస్తే అడుగున ఉన్న ఆ గుర్తులే బయటపడతాయి. 1991 నుంచి యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ విడివిడి సంఖ్యలిచ్చే ప్రమాణం) తెలుగుకు సొంత స్థానాలున్నాయి, డాక్స్ నడిచేది వాటి మీదే. పాత ఫైలును కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాకే పేస్ట్ చేయాలి.

కన్వర్టర్ ఇచ్చినదాన్ని నమ్మి వదిలేయకండి. ఎక్కువగా చెడేవి ఒత్తులు, వట్రసుడి, నకారపొల్లు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు. గణితం, సైన్సు పుస్తకాలైతే సూత్రాలు పూర్తిగా పాడవుతాయి, వాటిని ముందే పక్కకు తీసి పెట్టుకోండి. డాక్స్‌లో ఫాంట్ల జాబితా నుంచి మోర్ ఫాంట్స్‌కు వెళ్లి లిపి తెలుగు అని ఎంచుకుంటే మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర వంటివి దొరుకుతాయి.

ప్రూఫ్ రీడరుకు ఎడిటర్ హక్కు ఇవ్వకండి, కామెంటర్ చాలు. అప్పుడు దిద్దినదల్లా సజెషన్‌గానే నమోదవుతుంది, రచయిత ఒప్పుకుంటేనే పాఠంలోకి వెళుతుంది. ఎర్ర సిరా ప్రూఫులో లేని సౌలభ్యం ఇది: ఎందుకు దిద్దారో పక్కనే రాయవచ్చు, రచయిత అక్కడే జవాబివ్వవచ్చు. కొత్త రచయితలు ఆ కామెంట్లు చదివే సగం పని నేర్చుకుంటారు.

ఇంకో చిక్కు వెతుకులాటలో వస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని పొల్లు నిలిపి రాసినదీ, ‘సాఫ్ట్వేర్’ అని ఒత్తుతో రాసినదీ కంప్యూటర్‌కు రెండు వేరు మాటలు. ఫైండ్ అండ్ రీప్లేస్ రెండు రూపాలకూ విడివిడిగా చేయాలి.

చివరి మెట్టు దగ్గరే ఎక్కువ పుస్తకాలు చెడతాయి. దిద్దుబాట్లు ముగిశాక వెర్షన్ హిస్టరీలో ‘డీటీపీకి ఇచ్చినది’ అని పేరు పెట్టి, అందరినీ వ్యూయర్లుగా మార్చేయండి. ఆ తర్వాతి దిద్దుబాటు పేజీల పీడీఎఫ్ మీదే జరగాలి. డాక్స్‌లోనూ పేజీలోనూ సమాంతరంగా దిద్దితే ఏది సరైన ప్రతో ఎవరూ చెప్పలేరు. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అక్కడికి వెళ్లాలంటే తిరిగి అనులోకి మార్చాలి. ప్రతి మార్పిడీ కొత్త తప్పులను తెస్తుంది. అందుకే యూనికోడ్ తెలిసిన ఇన్‌డిజైన్‌కు మారమంటాం. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవడం మరవకండి, లేకపోతే ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడతాయి.

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం, నలుగురం కలిసి ప్రాజెక్టు చేస్తున్నాం. కోడ్‌ను వాట్సాప్‌లో జిప్ చేసి పంపుకుంటున్నాం. గైడ్ గారు గిట్‌హబ్ వాడమన్నారు, ఎవరి పని ఎంతో అందులో చూస్తామన్నారు. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీ గైడ్ గారి మాట సరైనది. జిప్పులో చివరి రూపమే ఉంటుంది, ఎలా అక్కడికి చేరారో ఉండదు. గిట్‌హబ్ నడిచేది గిట్ అనే, మార్పుల చరిత్రను దాచే సాధనం మీద. అందులో ప్రతి కమిట్ (నమోదు చేసిన మార్పు) వెనుకా పేరు, తేదీ ఉంటాయి.

మీరు ముందు చూసుకోవాల్సింది ఇది. నలుగురూ ఒకే ల్యాప్‌టాప్ మీద కూర్చుంటే కమిట్లన్నీ ఆ ల్యాప్‌టాప్ మనిషి పేరునే పడతాయి. ఎవరు పనిచేస్తుంటే వారి యూజర్ నేమ్, యూజర్ ఈమెయిల్ గిట్ కాన్ఫిగ్‌లో మార్చుకోవాలి. ఆ ఈమెయిల్ గిట్‌హబ్ ఖాతాలో చేర్చి ఉండకపోతే పని మీ ప్రొఫైల్‌కు చేరదు.

ఒక్కొక్కరూ ఒక్కో బ్రాంచిలో (కోడ్ విడి పాయలో) రాయండి. కూర్చోగానే పుల్ (మిగతావారి మార్పులు తెచ్చుకోవడం), లేచేముందు పుష్ (మీవి పంపడం). రోజుల తరబడి కలపకుండా ఉంచితే మెర్జ్ కాన్‌ఫ్లిక్టులు (ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం) కుప్ప పడతాయి. 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ తీసుకోదు, డేటాసెట్‌ను డ్రైవ్‌లో పెట్టి లింకు రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) ఇవ్వండి. పాస్‌వర్డు, ఏపీఐ కీ (వేరే సేవను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం) పొరపాటున ఎక్కితే తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతాయి. ఆ కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవడమొక్కటే దారి.

ప్రశ్న: ఇంటర్ విద్యార్థులకు వర్క్‌షీటు లింకు పంపితే అందరూ అందులోనే రాసేశారు. (లెక్చరర్, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: వ్యూయర్ హక్కుతో షేర్ చేసి, లింకులో ‘ఎడిట్’ అన్న ఇంగ్లీషు మాట నుంచి చివరిదాకా చెరిపి, అక్కడ ‘కాపీ’ అని ఇంగ్లీషులో టైప్ చేయండి. తెరిచిన ప్రతి విద్యార్థికీ సొంత ప్రతి తయారవుతుంది. గూగుల్ క్లాస్‌రూమ్‌లోనైతే ఫైలు జతచేసేటప్పుడు మేక్ ఎ కాపీ ఫర్ ఈచ్ స్టూడెంట్ ఎంచుకోవాలి. అసైన్‌మెంట్ ఒకసారి పంపాక ఆ ఎంపిక మార్చలేరు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలన్నీ పాత కోశాధికారి జీమెయిల్‌లో ఉన్నాయి. ఆయన ఊరు మారుతున్నారు. మా అందరికీ ఎడిటర్ హక్కు ఉంది కదా, ఇబ్బందేమైనా ఉంటుందా? (పటమట, విజయవాడ)

జవాబు: ఉంటుంది. ఎడిటర్లు ఎందరున్నా ఫైలు యజమాని ఒక్కరే. ఆయన తన డ్రైవ్ శుభ్రం చేసుకుంటూ దాన్ని తీసేస్తే 30 రోజులు ట్రాష్‌లో ఉండి పోతుంది. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించే అవకాశమూ ఉంది.

ఆయన వెళ్లేలోపే అసోసియేషన్ పేరిట ఒక జీమెయిల్ తెరవండి. రికవరీ ఫోన్ నంబరు ప్రస్తుత కార్యదర్శిది ఇచ్చి, కార్యవర్గం మారినప్పుడల్లా మార్చండి. ఆయన కంప్యూటర్‌లో ప్రతి ఫైలుకూ షేర్ నొక్కి, ఆ కొత్త ఖాతాను చేర్చి, దాని పక్కనున్న జాబితాలో ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్ ఎంచుకోవాలి. కొత్త ఖాతాకు వచ్చిన మెయిల్‌లో ఒప్పుకుంటేనే మార్పిడి పూర్తవుతుంది. ఫోల్డరును బదిలీ చేస్తే లోపలి ఫైళ్లు దానితో రావు, ఒక్కొక్కటిగా ఇవ్వాల్సిందే. బిల్లుల స్కాన్లు కూడా ఉంటే సాయంత్రమంతా పట్టే పని, ఆయన సామాను సర్దుకోక ముందే అడగండి.