విశాఖలో ఏసీ కొనబోతున్న మేనకోడలికి

చి॥ శైలజకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఎం.వి.పి. కాలనీలో అద్దెకు దిగిన ఫ్లాటులోకి ఏసీ కొందామనుకుంటున్నావని మీ అమ్మ రాత్రి ఫోనులో చెప్పింది. "నువ్వు చెప్తే వింటుంది, కాస్త చెప్పు తమ్ముడూ" అంది. నువ్వు నా మాట ఎప్పుడు విన్నావు గనక! అయినా సంతోషమేసింది. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే సొంత జీతంతో ఇంట్లోకి ఓ పెద్ద వస్తువు తెచ్చుకుంటున్నావు. "దానికింత ఉత్తరమెందుకు, ఫోన్ చెయ్యరాదూ" అంది మీ అత్తయ్య. ఫోనులో అయితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు. నాకు తెలీదా.

ముందు కరెంటు సంగతి. షాపుకి వెళ్లకముందే తేల్చుకోవాల్సింది ఇదే. బెడ్‌రూములో పవర్ ప్లగ్ ఉంది కదా అంటావు. ప్లగ్గు ఉంటే సరిపోదమ్మా, దాని వెనక గోడలో ఏ తీగ ఉందో తెలియాలి. మెయిన్ బోర్డు నుంచి ఏసీకి విడిగా ఒక లైను రావాలి. రాగి తీగ, నాలుగు ఎం.ఎం. దాకా ఉంటే నిశ్చింత. దానికి సొంతంగా ఒక ఎం.సి.బి., అంటే లోడు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి, ఉండాలి. గీజరు లైనులోంచి లాగుతామంటే ఒప్పుకోకు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట నా దగ్గర ఎత్తకు. పాత బిల్డింగుల్లో కొన్నిచోట్ల అల్యూమినియం తీగ ఉంటుంది. దానికి రాగి తీగ చుట్టి పైన టేపు వేసేస్తారు. ఆ అతుకు నెమ్మదిగా వదులై వేడెక్కుతుంది.

మా ప్రెస్సులో ఒకసారి అదే జరిగింది. చేపలు మాడిన వాసన వస్తోందని బైండింగులో పనిచేసే ఆడవాళ్లు అంటూనే ఉన్నారు. ఎవరింట్లోదో కూర క్యారియర్ అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. ఒక నైటు షిఫ్టులో గోడలోంచి పొగ వచ్చింది. బోర్డు పైకి తెల్లగా, శుభ్రంగానే ఉంది. విప్పితే లోపల తీగ తొడుగు కరిగి నల్లగా కారింది. చుట్టూ రీముల కొద్దీ కాగితం. మెయిన్ ఆపడానికి ఒక మనిషి మెలకువగా ఉన్నాడు కాబట్టి బతికిపోయాం. ఆ వాసన నాకిప్పటికీ గుర్తే. బెడ్‌రూములో నువ్వు తలుపు మూసుకుని పడుకుంటావు, మెలకువగా ఎవరుంటారు? అందుకే అంటున్నాను, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి లైను, ఎర్తింగు చూపించు. మీటరు ఎంత లోడుకి మంజూరైందో కరెంటు బిల్లు మీద ఉంటుంది. చాలకపోతే ఇంటాయన్ని మీ కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌లో అదనపు లోడుకి అప్లై చెయ్యమను. ఆయన నసిగితే నా నంబరివ్వు.

ఇక కొనాలా వద్దా అన్నది. మీ నాన్న కూలరు చాలంటున్నాడట. ఆ మాట అనడానికి బావకి నోరెలా వచ్చిందో! నీకు గుర్తుండదు, చిన్నపిల్లవి. అందుకే ఇది వివరంగా చెప్తాను.

అనంతపురంలో ఉన్నప్పుడు మీ నాన్న ఒక పెద్ద రేకు కూలరు కొన్నాడు. మూడు వైపులా గడ్డి, కింద నీళ్ల తొట్టి. కిటికీకి బయట స్టాండు మీద పెట్టించాడు. నేను ఎండాకాలంలో ఒకసారి వచ్చాను. బయట సెగలు కక్కుతున్నా లోపల మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అబద్ధం చెప్పను, అంత సుఖమైన నిద్ర బెజవాడలో నాకెప్పుడూ పట్టలేదు. తర్వాత కాకినాడ ట్రాన్స్‌ఫరైంది. "అక్కడ సముద్రం గాలి, ఇది పనికిరాదేమో" అని మీ అమ్మ అంటే, "మిషనుకి ఊరేమిటి" అని లారీ ఎక్కించాడు.

జగన్నాథపురంలో ఇల్లు. కిటికీకి బయట చోటు లేక కూలరుని హాలు మధ్యలో పెట్టాడు. పైగా చల్లగాలి బయటికి పోతుందని కిటికీలన్నీ మూయించాడు. మొదటి గంట బాగానే ఉంది. ఆ తర్వాత గది ఇడ్లీపాత్ర అయిపోయింది. ఒంటి మీద చెమట ఆరదు, తుడుచుకున్న తువ్వాలూ ఆరదు. పంపు చాలట్లేదని పెద్ద పంపు వేయించాడు. గడ్డి పాతబడిందని కొత్త గడ్డి పెట్టించాడు. రాత్రిళ్లు లేచి తొట్టిలో ఇంకా నీళ్లు పోశాడు. నీళ్లు పోసిన కొద్దీ ఉక్క పెరిగింది. జాడీలో ఉప్పు నీరైంది. బీరువా తెరిస్తే మీ అమ్మ పెళ్లి పట్టుచీర మడతల్లో తెల్లటి బూజు. పెళ్లి ఆల్బంలో ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆవిడ వాటిని విడదియ్యబోతే మా నాన్న ముఖం ఊడి అవతలి పేజీకి వెళ్లిపోయింది. దానికి ఆవిడ ఎంత ఏడ్చిందో నేను చూశాను.

వాటన్నిటికీ బావ చలించలేదు. నీకు పిల్లికూతలు మొదలైతే అప్పుడు కంగారుపడ్డాడు. రాత్రి ఛాతీలో గరగర, పొద్దున్నే ఆస్పత్రి, ముక్కుకి నెబ్యులైజరు. డాక్టరుగారు మందు రాయకముందే "ఇంట్లో కూలరుందా?" అని అడిగారట. ఆ సాయంత్రమే దాన్ని విప్పేశాడు. నువ్వు ఏసీ అనగానే మీ అమ్మ నాకు ఫోన్ చేసింది ఖర్చు గురించి కాదే పిచ్చిపిల్లా. నీకు మళ్లీ ఎక్కడ ఆ గరగర వస్తుందోనని.

ఇందులో బావ మొండితనం ఎంతుందో లెక్క కూడా అంతే ఉంది. కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు బాగా ఆవిరవుతుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే, గాలిని మహా అయితే 24 డిగ్రీల దరిదాపుల దాకా దించగలదు. అనంతపురంలో నా నిద్ర రహస్యం అదే. మీ విశాఖలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున ఎంత నీరు పోసినా 30 కిందికి దిగదు. ఉన్న తేమకి ఇంకా తేమ కలుస్తుంది, అంతే. ఏసీ పని దానికి తలకిందులు. గాలిలో తేమని చల్లటి కాయిల్ మీద నీరుగా మార్చి పైపులోంచి బయటికి పంపేస్తుంది. మీ ఊళ్లో దానికి డబ్బు పెట్టేది చలవకన్నా ముందు ఆ నీటిని బయటికి పంపినందుకు.

ఇది నేను కాగితం దగ్గర నేర్చుకున్నాను. ఆఫ్‌సెట్ ప్రింటింగులో నాలుగు రంగులు ఒకదానిపై ఒకటి పడాలి. వానాకాలం వస్తే కాగితం తేమ పీల్చి సాగేది. పసుపు వేసి, ఎరుపు వేసేసరికి రిజిస్ట్రేషన్, అంటే రంగు మీద రంగు కుదరడం, వెంట్రుకవాసి తప్పేది. క్యాలెండర్లలో వెంకటేశ్వరస్వామికి రెండు నామాలు వచ్చినట్టుండేది. చివరికి మా ఓనరు మిషన్ హాల్లో ఏసీలు పెట్టించాడు. మా చెమట చూసి కాదులే, ఆర్ట్ పేపరు ఖరీదు చూసి. అసలు ఏసీ పుట్టిందే అలా. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇదే రంగుల తంటా తీర్చడానికి, గాలిలో తేమని అదుపు చేసే యంత్రం తయారుచేశాడు. మనుషుల సుఖం సంగతి తర్వాత వచ్చింది.

అయితే వెంటనే పరుగెత్తకు. తేమ, వేడి రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు కొద్ది వందలకే దొరుకుతాయి. ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టి, కొన్నాళ్లు పడుకునేముందు చూసుకో. గదిలో బట్టలారేసుకునే స్టాండు ఉందని మీ అమ్మ చెప్పింది. ముందు దాన్ని బాల్కనీలోకి తొయ్యి, ఆ తడంతా నువ్వు పీల్చే గాలిలోకే వస్తోంది. బాత్‌రూము ఎగ్జాస్టు తిప్పు. పడమటి కిటికీకి మందం తెర వెయ్యి. ఇవన్నీ చేశాక కూడా రాత్రి పదింటికి 29 డిగ్రీలు, 75 శాతం దాటి చూపిస్తుంటే కొను. నేనైతే కొనమనే అంటాను. మీ ఊళ్లో పగలు సముద్రపు గాలి కాపాడుతుంది, రాత్రే ప్రాణం తీస్తుంది. నిద్రలేకుండా పొద్దున్నే క్యాష్ కౌంటర్లో కూర్చుని లెక్కలు తప్పితే ఆ నష్టం ఎవరు కడతారు?

ఒక్క బెడ్‌రూముకే. పది పన్నెండు అడుగుల గదికి ఒక టన్ను చాలు. షాపువాడు టన్నున్నర అంటగట్టబోతాడు, "మేడమ్, తొందరగా చల్లబడుతుంది" అంటాడు. తొందరగా చల్లబడటమే నీకు పనికిరాదు. గది చల్లబడగానే కంప్రెసరు ఆగిపోతుంది, తేమ లాగడానికి దానికి వ్యవధే ఉండదు. పైగా ఫ్యాను తిరుగుతూంటే కాయిల్ మీద నీరు మళ్లీ గదిలోకే వస్తుంది. చలివేస్తుంది, పక్కబట్టలు మాత్రం చెమ్మగా ఉంటాయి. చిన్నది, ఇన్వర్టర్ ఏసీ తీసుకో, అందులో కంప్రెసరు మాటిమాటికీ ఆగకుండా వేగం తగ్గించుకుని నడుస్తుంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని రూలు పెట్టారు. నువ్వు 26 పెట్టి సీలింగ్ ఫ్యాను తిప్పు. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అని, ఈ స్టార్ లేబుళ్లు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ వాళ్లు చెప్తారు. వానాకాలపు జిడ్డు రోజుల్లో డ్రై మోడ్ వాడుకో.

స్టార్ల లెక్క ఎప్పటికప్పుడు బిగిస్తుంటారు, అందుకని లేబుల్ మీద ఏ ఏడాదిదో కూడా చూడు. కింద ఏడాదికి ఇన్ని యూనిట్లని రాసి ఉంటుంది, అది 1,600 గంటల వాడకానికి. బిల్లు భయం పెట్టుకోకు కానీ లెక్క తెలుసుకో. నీకిప్పుడు నెలకి 150 యూనిట్లనుకో, యూనిట్ల ఖర్చు 570 దాకా. రాత్రి ఎనిమిది గంటలు ఏసీ వేస్తే ఇంకో 140 కలుస్తాయనుకో. 225 దాటాక యూనిట్ 8.75 స్లాబులో పడి మొత్తం 1,585 అవుతుంది. అంటే నెలకి వెయ్యి ఎక్కువ, ఆ పైన సర్దుబాటు చార్జీలు. ఈ స్లాబులు నా బిల్లు మీదవే, మీకూ అవే. 2025 సెప్టెంబరులో ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, ఆ మేరకు ధరలో కనిపిస్తోందో లేదో బేరంలో అడుగు. వాయిదాల్లో మాత్రం కొనకు. చాలకపోతే నన్నడుగు, వడ్డీ లేదు.

నీకూ ట్రాన్స్‌ఫర్లుంటాయి. స్ప్లిట్టు విప్పి మళ్లీ బిగించాలంటే పైపులు, గ్యాసు, మెకానిక్కు, ప్రతిసారీ ఖర్చే. కిటికీలో చట్రం ఉండుంటే విండో ఏసీయే నా ఓటు. చప్పుడు చేస్తుంది, చెయ్యనీ. లేకపోతే స్ప్లిట్టే గతి. గోడకి కన్నం పెట్టడానికి ఇంటాయన ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో రాయించుకో. రెండిట్లోనూ రాగి కాయిలే అడుగు. సముద్రపు ఉప్పుగాలికి అల్యూమినియం కాయిల్ చిల్లులు పడితే అతకడం కష్టం, రాగిదైతే మన మెకానిక్కే అతికేస్తాడు.

బిగించేటప్పుడు నువ్వు ఇంట్లో ఉండు. పైపులు కలిపాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేయమను. టైము లేదని చాలామంది ఎగ్గొడతారు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాసుకి కొద్దిగా అంటుకునే గుణముంది కాబట్టి ఇంకా జాగ్రత్త. బయటి యూనిట్ పెట్టడానికి ఆ కుర్రాడు మూడో అంతస్తు సజ్జా మీదకి దిగుతాడు. నడుముకి బెల్టు లేకపోతే దిగనివ్వకు. "అలవాటేనమ్మా" అంటాడు. అలవాటున్నవాళ్లే పడేది. ఆ రోజు పని ఆగినా ఫరవాలేదు, మర్నాడు బెల్టు తెచ్చుకుని రమ్మను, టీ డబ్బులిచ్చి పంపు.

ఫిల్టరు రెండు వారాలకోసారి కుళాయి కింద కడుగు. నీ ఛాతీ గుర్తుపెట్టుకో, దానికిది సోకు కాదు. గాలి నేరుగా మంచం మీదకి కొట్టకుండా రెక్కలు పైకి తిప్పు.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజు వీడియో కాల్ చెయ్యి. బోర్డు మూత తీసి లోపల చూపించమను, నేను చూసి చెప్పాకే అడ్వాన్సివ్వు. ఆదివారమైతే మంచిది, మీ అత్తయ్యా ఉంటుంది, నీతో మాట్లాడినట్టుంటుంది.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఏసీ పైపులోంచి వచ్చే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడుచుకో. డిస్టిల్డ్ వాటరే కదా అని ఇన్వర్టరు బ్యాటరీలో పోస్తారు కొందరు. కాయిల్ మీది దుమ్మూ లోహమూ అందులో కలిసి ఉంటాయి. పొయ్యకు.