పెద్దోడికి ఇంకా ఆరేళ్లు నిండలేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం దగ్గర గాజువాక. నా వయసు 31. ఇద్దరు మగపిల్లలు. పెద్దోడికి 5 ఏళ్ల 8 నెలలు, యూకేజీ చదువుతున్నాడు. బుజ్జిగాడికి 19 నెలలు. మావారు ఫార్మా కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. అత్తగారు మాతోనే ఉంటారు. పెద్దోడు మూడేళ్లకే పక్క తడపడం మానేశాడు. అలాంటిది రెండు నెలలుగా వారంలో మూడు నాలుగు రాత్రులు తడిపేస్తున్నాడు. తమ్ముణ్ణి తోసేస్తాడు, ఒకసారి చెయ్యి కొరికాడు. ఇదివరకు తనే కలుపుకుని తినేవాడు, ఇప్పుడు ముద్దలు పెట్టమంటాడు. బుజ్జిగాడేమో 15 నెలలకి గానీ నడవలేదు, ఇప్పటికీ నాలుగు మాటలే. పిలిస్తే పలుకుతాడు, ఏం కావాలన్నా వేలు పెట్టి చూపిస్తాడు, కానీ మాట రాదు. పెద్దోడు ఈ వయసుకి గడగడా మాట్లాడేవాడు. 'వీడు కాస్త మందం' అంటారు అత్తగారు. పైగా ఫోన్ చూపిస్తే తప్ప అన్నం తినడు. పోయిన ఆదివారం చుట్టాలు వచ్చినప్పుడు పెద్దోడు వాణ్ణి సోఫా మీంచి తోస్తే, అందరి ముందే పెద్దోడి వీపు మీద గట్టిగా కొట్టాను. అదంతా నా గారాబం వల్లే అని మావారంటారు. వచ్చినవాళ్లేమో 'ఇద్దరూ మగపిల్లలేనా, ఇంకోటి చూడండి, ఆడపిల్ల పుడుతుందేమో' అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మంచి తల్లిని కాదేమో అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక సంగతి కళ్లబడింది. చిన్నవాణ్ణి బుజ్జిగాడు అని ముద్దుగా రాశారు, పెద్దవాణ్ణి మాత్రం మొదటి నుంచి చివరిదాకా పెద్దోడు అనే రాశారు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, మనందరి ఇళ్లలోనూ జరిగేది ఇదే. అంతవరకు కన్నా, బంగారం, చిట్టి అనిపించుకున్న పిల్లాడు తమ్ముడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పూటే పెద్దోడైపోతాడు. మీవాడికి ఆ రోజుకి నాలుగేళ్లు నిండి నెల. బుజ్జిగాడికి ఆ వయసు రావడానికి ఇంకా రెండున్నరేళ్లు పడుతుంది. అప్పుడు వాణ్ణి 'పెద్దవాడివయ్యావు, సర్దుకో' అనగలరా మీరు? నాకైతే నమ్మకం లేదు, వాడు ముప్పై ఏళ్లొచ్చినా మీకు బుజ్జిగాడే.

ముందు పక్క తడపడం సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో డాక్టర్ పని కొంత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లలు రాత్రిపూట తడిపితే దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. కానీ ఆరు నెలలకి పైగా పొడిగా ఉన్న పిల్లాడు మళ్లీ మొదలుపెడితే మాత్రం, 'తమ్ముడి మీద కుళ్లు' అని మనమే తేల్చేయకుండా ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, షుగర్ ఉందేమో మామూలు యూరిన్ పరీక్షలో తెలిసిపోతుంది. మంచినీళ్లు ఎక్కువ తాగేస్తున్నా, బరువు తగ్గుతున్నా ఆ రోజే వెళ్లండి, వాయిదా వేయకండి. ఇంకొకటి చాలామందికి తట్టదు, మలబద్ధకం. లోపల గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది, పిల్లాడికి తెలియకుండానే రాత్రి పక్క తడిసిపోతుంది. రోజూ సాఫీగా వెళ్తున్నాడా, మూడు రోజులకోసారి ఏడుస్తూ వెళ్తున్నాడా అన్నది గమనించి డాక్టర్‌కి చెప్పండి. బడిలో బాత్రూమ్ బాగోలేక పొద్దుటి నుంచి ఆపుకునే పిల్లలు కూడా బోలెడు మంది.

బడి ఊసొచ్చింది కాబట్టి ఇంకో మాట. ఈ రెండు నెలల్లో టీచర్ మారారా, వ్యాన్ మారిందా, ఎవరైనా పెద్దపిల్లలు ఏడిపిస్తున్నారా, ఎవరైనా ముట్టుకోకూడని చోట ముట్టుకుంటున్నారా అన్నది కూడా మెల్లగా కనుక్కోండి. కూర్చోబెట్టి ప్రశ్నలేస్తే చెప్పరు. స్నానం చేయించేటప్పుడో, వీధిలో చెయ్యి పట్టుకుని నడిచేటప్పుడో 'వ్యాన్‌లో నీ పక్కన ఎవరు కూర్చుంటారు నాన్నా' లాంటి మామూలు మాటతో మొదలుపెడితే వాళ్లే చెబుతారు. భయపెట్టాలని కాదు, అడగాల్సింది అడగాలి కదా.

ఇవేవీ కాకపోతే అప్పుడు తమ్ముడి దగ్గరికి వద్దాం. తమ్ముడు పుట్టి ఏడాదిన్నర దాటితే ఇప్పుడెందుకు మొదలైంది అని మీకూ అనిపించి ఉంటుంది. చాలా ఇళ్లలో పేచీ పుట్టినప్పుడు రాదు, చిన్నవాడికి నడక వచ్చాక వస్తుంది. అప్పటిదాకా వాడు పడుకోబెట్టిన చోటే ఉండే బొమ్మ. నాలుగు నెలల కిందట లేచి నడిచి నేరుగా అన్న బొమ్మకారు మీద పడ్డాడు, క్రేయాన్లు విరగ్గొట్టాడు, కట్టిన బ్లాకులు తోసేశాడు. అన్న లాక్కుంటే 'పెద్దోడివి కదా, ఇచ్చెయ్' అన్నారు, అవునా? ఐదేళ్లవాడికి ఆ మాటలోంచి అర్థమయ్యేది ఒక్కటే, చిన్నగా ఉంటే అన్నీ దొరుకుతాయి అని. దాంతో చిన్నవాడైపోయాడు. ముద్దలు పెట్టమన్నాడు, పక్క తడిపాడు. ఇందులో ముద్దలు కావాలనే అడుగుతున్నాడు, పక్క తడపడం మాత్రం వాడి చేతిలో లేదు, నిద్రలో జరిగేదానికి తిట్టి లాభం లేదు.

కాబట్టి ముద్దలు పెట్టేయండి. అలవాటైపోతుందని భయపడకండి, పదిహేనేళ్లవాడెవడూ గోరుముద్దలు అడగడు, అడిగితే ఆ రోజు పండగే. ఒకే కంచంలో పప్పన్నం కలిపి ఒక ముద్ద అన్నకి, ఒక ముద్ద తమ్ముడికి. దీంతో రెండో పని కూడా అవుతుంది, బుజ్జిగాడి ఫోన్. అన్న తింటుంటే చూస్తూ తినడం కన్నా మంచి వీడియో వాడికి లేదు. మొదటి నాలుగు రోజులు ఏడుస్తాడు, సగమే తింటాడు, ఫరవాలేదు, ఆకలేస్తే మధ్యాహ్నం తింటాడు. రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకి రోజుకి గంటకి మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అది అక్షరాలా పాటించే ఇల్లు నాకు ఇంతవరకు కనిపించలేదు, మా ఇల్లుతో సహా. అన్నం దగ్గర మాత్రం తీసేయండి, ఎందుకంటే మాటలు నేర్చుకునే వేళ అదే. 'ఇదిగో ముద్ద, అదిగో కాకి' అని మనం వాగుతూ ఉంటే కదా వాడికి మాటలొచ్చేది.

తడిసిన దుప్పటి గురించి కూడా. పరుపు కింద కాదు, పరుపు మీద రబ్బరు షీటు వేసి, దానిపైన దుప్పటి పరవండి. పడుకునే ముందు ఒకసారి బాత్రూమ్‌కి. నీళ్లు పగలు బాగా తాగించండి, పడుకోబోయే ముందు గంట తగ్గించండి. పొద్దున్నే దుప్పటి తీసి బకెట్లో వేసేయడమే, ఉపన్యాసం వద్దు. 'చూడండి మా పెద్దోడు ఏం చేశాడో' అని పక్కింటివాళ్లతో అనడం అసలు వద్దు. బాల్కనీలో ఆరేసిన దుప్పటి వైపు వాడు ఎలా చూస్తాడో ఎప్పుడైనా గమనించారా?

తోయడం, కొరకడం గురించి. ఆ క్షణంలో 'ఎందుకు కొట్టావ్' అని అడగకండి, దానికి ఐదేళ్లవాడి దగ్గర జవాబు ఉండదు. చెయ్యి పట్టుకుని ఆపి 'తమ్ముణ్ణి తోయనివ్వను' అని ఒక్కమాట చెప్పి, దెబ్బ తగిలినవాణ్ణి ఎత్తుకోండి, అంతే. అసలు పని ఆ గొడవ లేనప్పుడు చేయాలి. పెద్దవాడి వస్తువులకి బుజ్జిగాడి చెయ్యి అందని ఒక అర కేటాయించండి, అందులోవి వాడు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. అక్కడ 'పెద్దోడివి కదా' చెల్లదు, అత్తగారికి కూడా.

అత్తగారిని మీరు విలన్‌ని చేయలేదు, నేనూ చేయను. వాడి గురించి ఆవిడ బాధ వేరు, ముందువాడు పదకొండు నెలలకో పన్నెండు నెలలకో నడిచేసి ఉంటాడు, ఆ కొలత పట్టుకుని రెండోవాణ్ణి కొలుస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లలను, మన దేశం పిల్లలతో సహా, గమనించి 2006లో ఒక లెక్క ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఒంటరిగా నడవడం ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా రావచ్చు. మీవాడు పదిహేనో నెలలో నడిచాడు, లోపలే ఉన్నాడు. కొందరు పిల్లలు పాకకుండానే నేరుగా లేచి నడుస్తారు కూడా.

మాటల సంగతి మాత్రం తేలిగ్గా తీసేయను. పిలిస్తే పలకడం, వేలుతో చూపించడం, మనం చెప్పింది అర్థం చేసుకోవడం ఉన్నాయంటే చాలా మంచి గుర్తులే. అయినా ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి, చెవిలో తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే పిల్లలకి మాట ఆలస్యమవుతుంది, మనకేమో వింటున్నట్టే కనిపిస్తుంది. రెండేళ్లు నిండేసరికి 'అమ్మ దా', 'పాలు కావాలి' లాంటి రెండు మాటల జత రాకపోతే, లేదా ఉన్న మాటలు పోతుంటే, ఇంకో ఆర్నెల్లు చూద్దాం అనకండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లలని చూసే కేంద్రాలున్నాయి, డబ్బు అడగరు. 'మందం' అన్న మాట మాత్రం ఇంట్లో ఈ రోజుతో ఆగిపోవాలి. ఆ మాట అత్తగారితో మీరు చెప్పకండి, మీవారిని చెప్పమనండి, కొడుకు చెబితే వేరుగా వినపడుతుంది.

డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి టీకా కార్డులు రెండూ పట్టుకెళ్లండి. బుజ్జిగాడికి 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు ఉంటాయి. పెద్దవాడికి 5, 6 ఏళ్ల మధ్య ఇంకో డీపీటీ బూస్టర్ ఉంది, ఇది చాలామంది మర్చిపోతారు. సూది పొడిచేటప్పుడు 'పెద్దోడివి, ఏడవకూడదు' అనొద్దు. ఏడవనివ్వండి.

మన వాళ్లు పిల్లల ఎదుగుదలకి ఎంత రుచిగా లెక్క కట్టారో చూడండి, నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. మొదటివాడికి అన్నీ చేసి ఉంటారు, రెండోవాడికి వచ్చేసరికి చేసే ఓపిక ఉండదు. మా చిన్నవాడి మొదటి అడుగు తేదీ నాకు ఇప్పటికీ తెలియదు, పెద్దవాడిదైతే క్యాలెండర్ కాగితం చింపి దాచాను. కాబట్టి ఆ గిల్టీ ఫీలింగ్ మీ ఒక్కరిదే కాదు. కానీ పెద్దవాడి మైలురాళ్లు అక్కడితో అయిపోలేదని ఎవరికీ గుర్తుండదు. ఇంకొన్నాళ్లలో కింది వరసలో ముందు పన్ను ఊగుతుంది, ఆరేళ్ల ప్రాంతంలో వెనక శాశ్వత దంతం ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది, షూ లేసు కట్టుకోవడం వస్తుంది, బోర్డు మీద పేరు చదువుతాడు. వాటిలో ఒక్కదానికైనా అరిసెలు వండండి. ఈసారి భోగిపళ్లు పోసేటప్పుడు బుజ్జిగాణ్ణి కూర్చోబెట్టి వీణ్ణి పళ్లెం పట్టుకోమనకండి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి రేగుపళ్లు, చిల్లర పైసలు ఇద్దరి తల మీదా పోయండి.

మీవారికి నేనేం చెప్పానో చదివి వినిపించండి. గారాబం మాట పక్కనపెట్టి, ఆయన ఏ షిఫ్ట్‌లో ఉన్నప్పుడు ఏం చేయగలరో చూద్దాం. పొద్దుటి షిఫ్ట్ అయితే సాయంత్రం ఖాళీ, మధ్యాహ్నం షిఫ్ట్ అయితే పొద్దున ఖాళీ. ఆ ఖాళీలో రోజుకి పదిహేను నిమిషాలు పెద్దవాడు ఒక్కడే నాన్నతో, పెరుగు ప్యాకెట్ తేవడానికి షాపుకి నడిచి వెళ్లినా చాలు. నెలకోసారి తమ్ముడు లేకుండా ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి మురీ మిక్చర్ కొనిపెట్టమనండి. రాత్రి షిఫ్ట్ వారం ఆయన్ని వదిలేయండి, నిద్ర లేని మనిషికి పిల్లల్ని అప్పగించడం అంత మంచిది కాదు.

ఇక ఆ దెబ్బ. కొట్టడం తప్పే, కాదని చెప్పను. ఇవాళ రాత్రి పక్కలో పడుకోబెట్టి 'ఆ రోజు అందరి ముందు కొట్టాను కదా, అది అమ్మ తప్పు నాన్నా' అనండి. 'కానీ నువ్వు కూడా' అని మాత్రం తగిలించకండి. మీకు నిద్ర పట్టకపోవడం, ఈ దిగులు రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం ఉచితంగా నడిపే టెలిమానస్ లైన్, తెలుగులోనే మాట్లాడతారు. మాట్లాడాలంటే పెద్ద జబ్బే ఉండనక్కర్లేదు.

'ఇద్దరూ మగపిల్లలేనా' అనేవాళ్లకి మీరు జవాబు వెతుక్కోవద్దు. మూడోసారి కూడా సగానికి సగం అవకాశమే, ఆ పిల్లని ఎవరు పెంచుతారో కూడా అడిగి చూడండి, ఎవరూ మాట్లాడరు. అయితే ఆ మాట పిల్లల ముందు అంటే మాత్రం ఊరుకోకండి, వాళ్లకి అన్నీ వినపడతాయి.

యూరిన్ రిపోర్ట్, వినికిడి పరీక్ష వచ్చాక ఒక ముక్క రాయండి. పెద్దవాణ్ణి ఏమని పిలుస్తున్నారో కూడా రాయండి.